ప్రత్యక్ష ప్రసారకుని కీర్తి, అపకీర్తి: ఒక పరిశీలన

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వారికి రంగస్థలం కొత్త కాదు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు గారు, 1920లో రావలసిన నటుడు రాకపోవడం వల్ల చంద్రమతి వేషం ధరించి తొలిసారి ప్రేక్షకుల ముందు నిలిచారు. మరుసటి సంవత్సరం తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి, స్త్రీ పాత్రధారణలో తమకు సాటి లేదనిపించుకున్నారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఆనాటి నటునికి తన ప్రేక్షకులెవరో కంటికి కనిపించేవారు. పద్యం నచ్చితే "వన్స్ మోర్" అనే కేక వినవచ్చేది. మన ఉర్దూ ముషాయిరాలో "ముకర్రర్" అనే మాట చేసే పని కూడా అదే. నచ్చకపోతే ఈల వినిపించేది. మరునాడు ఉదయం ఆ నటుడు ఆ ఊరి వీధిలోనే నడవాలి. ఆ జనం ముఖాలనే చూడాలి.

నేడు ఆ రంగస్థలం అరచేతిలోకి వచ్చినది. తెనాలి నుండి రేపల్లెకు పోయే రైలుబండిలో కూర్చున్న ఏ విద్యార్థి అయినా తన సెల్‌ఫోన్‌ను ముఖానికి ఎదురుగా పెట్టుకొని, ఎల్లలు లేని సభను ఉద్దేశించి మాట్లాడగలడు. దీనినే ప్రత్యక్ష ప్రసారం అంటున్నాము. వాడుకలో 'లైవ్' అంటారు. మన విద్యార్థులలో అనేకులు ఈ ప్రసారాలకు నిత్యప్రేక్షకులు. కొందరు ప్రసారకులు కావాలని కోరుకుంటున్నారు. కళాశాల వార్షికోత్సవాన్ని కూడా ఇట్లే ప్రసారం చేయాలని కొందరు విద్యార్థులు అడుగుతున్నారు. కొందరు తల్లిదండ్రులు వద్దంటున్నారు. ఈ సందర్భంలో ఈ వృత్తి స్వరూపమేమిటి, ఇందులో కీర్తి ఎట్లా వస్తుంది, వివాదం ఎక్కడ పుడుతుంది అనే విషయాలను తెలుగునాట జరిగిన ఒక ఉదంతం ఆధారంగా వివరించాలని మా సంకల్పం.

ఈ వృత్తి పుట్టుపూర్వోత్తరాలు

దూరాన ఉన్నవారికి అప్పటికప్పుడు వినిపించడం, చూపించడం రేడియో కాలం నుండి ఉన్నదే. 1948లో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన నాటి నుండి మన జిల్లాల వారు ఆ రుచి ఎరిగినవారే. అయితే ఆకాశవాణిలో మాట్లాడే వ్యక్తి వెనుక ఒక కార్యాలయం, ఒక నియమావళి, మైకు మూయగల ఒక అధికారి ఉండేవారు. అంతర్జాలం రాకతో ఆ మధ్యవర్తి తొలగిపోయాడు.

2005లో యూట్యూబ్ వచ్చినది. 2007లో అమెరికాలో జస్టిన్ టీవీ అనే సంస్థ మొదలై, దాని నుండి 2011లో ట్విచ్ అనే సంస్థ పుట్టినది. కంప్యూటరు ఆటలు ఆడేవారు తమ ఆటను ఇతరులకు అప్పటికప్పుడు చూపించడానికి ఇది వేదిక అయినది. ఒకరు ఆడుతుంటే మరొకరు చూడడంలో ఏమి ఆనందం ఉన్నదని పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. కోడిపందెం, ఎడ్లపందెం చూడడానికి బారులు తీరే మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు వేరే సమాధానం అక్కరలేదు. ట్విచ్‌ను 2014లో అమెజాన్ సంస్థ సుమారు 97 కోట్ల డాలర్లకు కొన్నది. చూపు కూడా సరకేనని వ్యాపారులు గ్రహించారనడానికి ఇంతకన్న నిదర్శనం వేరొకటి కావాలా?

మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమై, ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయినది. అంతవరకు పట్టణ యువకులకే పరిమితమైన వినోదం పల్లెకు చేరినది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగా, దానికి అలవాటుపడిన కళాకారులు, ప్రేక్షకులు ఇతర వేదికల వైపు మళ్లారు. అదే కాలంలో కరోనా వ్యాధి జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టినది. ఈ విధంగా నాలుగైదు సంవత్సరాలలోనే తెలుగులో వంటలు, వేటలు, ఆటలు, పరిహాసాలు చూపించి జీవించే ఒక కొత్త వర్గం తయారైనది.

ప్రేక్షకుడే పోషకుడు

ఈ వృత్తిలో రాబడి ఎట్లా వస్తుందో తెలిస్తేనే ఇందులోని వివాదాల మూలం తెలుస్తుంది. మొదటిది ప్రకటనల రాబడి. ఎందరు చూచారు, ఎంతసేపు చూచారు అనేదే దానికి కొలబద్ద. రెండవది ప్రేక్షకుడు స్వయంగా ఇచ్చే చదివింపు. యూట్యూబ్ 2017లో 'సూపర్ ఛాట్' అనే పద్ధతిని ప్రవేశపెట్టినది. డబ్బు చెల్లించిన వారి వ్యాఖ్య రంగు పట్టీతో పైకి వచ్చి నిలుస్తుంది. ప్రసారకుడు దానిని చదివి, పేరు పెట్టి పలకరిస్తాడు. బుర్రకథ మధ్యలో ఫలానా వారు ఇన్ని రూపాయలు చదివించారని చెప్పే మన సంప్రదాయానికి ఇది యంత్రరూపం. మూడవది వ్యాపార సంస్థలు తమ సరకును పొగడినందుకు ఇచ్చే ప్రతిఫలం.

ఈ మూడింటిలోనూ ప్రేక్షకుడే పోషకుడు. పోషకుని అభిరుచిని బట్టి కవిత్వం మారడం మన సాహిత్య చరిత్రలో కొత్త కాదు. కాని రాజాస్థానంలో పోషకుడు ఒక్కడు. ఇక్కడ వేలమంది. పైగా వారు ముఖం చూపనివారు. ప్రసారకుని ఎదుట తెరపై వారి వ్యాఖ్యలు వానచినుకుల వలె రాలుతుంటాయి. మెత్తని మాటకు ఒకటి రెండు చినుకులు పడతాయి. కొంటె మాటకు జల్లు కురుస్తుంది. హద్దు మీరిన మాటకు కుంభవృష్టి. ఆ వృష్టిలో తడవడం అలవాటైన వానికి క్రమంగా మెత్తని మాట రుచించదు.

అష్టావధానం చూచిన వారికి ఇక్కడ అప్రస్తుత ప్రసంగి గుర్తుకు రాక మానడు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడానికి సందర్భం లేని ప్రశ్నలు, ఒక్కొక్కప్పుడు కొంచెం అసభ్యపు అంచును తాకే ప్రశ్నలు వేయడం అతని పని. అవధాని ప్రతిభ ఆ ప్రశ్న స్థాయికి దిగిపోవడంలో లేదు. దానిని చమత్కారంతో తిప్పి, సభ నవ్వేటట్లు, ఎవరికీ నొప్పి కలగనట్లు సమాధానం చెప్పడంలో ఉన్నది. నేటి ప్రసారకుని ఎదుట ఉన్నది ఒక్క అప్రస్తుత ప్రసంగి కాదు, వేలాది అప్రస్తుత ప్రసంగులు. అతనికి అవధాని పొందిన శిక్షణ లేదు. గురువు లేడు. అధ్యక్షస్థానంలో పెద్దమనిషి కూడా లేడు.

ప్రణీత్ హనుమంతు ఉదంతం

ఈ నేపథ్యంలో ప్రణీత్ హనుమంతు అనే యువకుని ఉదంతం పరిశీలించదగినది. అంతర్జాలంలో ఇతరులు పెట్టిన వీడియోలను చూస్తూ, వాటిని వెక్కిరిస్తూ వ్యాఖ్యానం చేయడం ఇతని విద్య. దీనిని 'రోస్టింగ్' అంటారు. సూటిగా, పదునుగా, అదుపు లేకుండా మాట్లాడడం వల్ల యువకులలో పేరు వచ్చినది. ఆ పేరు చలనచిత్ర రంగం దాకా పోయి, 2024 జూన్ 14న విడుదలైన 'హరోం హర' చిత్రంలో నటించే అవకాశం లభించినది. ఒక గదిలో కూర్చొని మాట్లాడిన వానికి వెండితెర మీద చోటు దొరకడం నేటి యువకుల కలలకు నమూనా. ఆ నమూనా నెల తిరగకుండానే తలకిందులైనది.

కొందరు మిత్రులతో కలిసి జరిపిన ఒక ప్రసారంలో, ఒక తండ్రి, అతని పసికూతురు కనిపించే వీడియోను చూస్తూ వారు చేసిన వ్యాఖ్యలు 2024 జూలై మొదటి వారంలో బయటికి పొక్కాయి. తండ్రీకూతుళ్ల వాత్సల్యానికి లైంగికార్థం అంటగట్టిన మాటలవి. వాటిని ఈ సంచికలో తిరిగి రాయడం మాకు సమ్మతం కాదు. జూలై 7న సినీనటుడు సాయి దుర్గ తేజ్ ఆ ఖండికను ఎత్తిచూపి, పిల్లలను ఇటువంటి వారి నుండి కాపాడమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పెద్దలకు బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. తెలంగాణ ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క గారు వెంటనే స్పందించారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేసినది. జూలై 10న బెంగుళూరులో ప్రణీత్‌ను అరెస్టు చేసి హైదరాబాదుకు తీసుకొనివచ్చారు. న్యాయస్థానం రిమాండు విధించినది. బాలలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం, సమాచార సాంకేతిక చట్టం, ఆ జూలై 1వ తేదీ నుండే అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఈ మూడింటి కింద అభియోగాలు మోపారు. 'హరోం హర' కథానాయకుడు సుధీర్ బాబు, అటువంటి వ్యక్తికి తమ చిత్రంలో చోటు ఇచ్చినందుకు ప్రేక్షకులను క్షమాపణ కోరారు. ప్రణీత్ కూడా క్షమాపణ చెప్పాడు.

అభియోగం వేరు, తీర్పు వేరు. నేరం సంగతి తేల్చవలసినది న్యాయస్థానం. మేము ఆలోచించదలచినది మాట సంగతి.

'నవ్వు కోసం అన్నాము' అనే వాదం

ఇటువంటి సందర్భాలలో తరచు వినవచ్చే సమాధానం ఒకటి ఉన్నది. "ఇది చీకటి హాస్యం. మా ప్రేక్షకులకు మా ధోరణి తెలుసు. నచ్చనివారు చూడవద్దు" అని. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. భారత రాజ్యాంగం 19వ అధికరణం పౌరునికి వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చినది. ఒకరికి రుచించని మాట అంతమాత్రాన నేరం కాదు. అంతర్జాలంలో చికాకు కలిగించే మాటలు రాసినా శిక్షించవచ్చునన్న సమాచార సాంకేతిక చట్టం 66ఎ విభాగాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. అధికారంలో ఉన్నవారిని వెక్కిరించే హాస్యగాడు సమాజానికి అవసరం. అతని నోరు మూయించడానికి మర్యాద అనే మాటను సాధనంగా వాడుకునే ప్రమాదం కూడా లేకపోలేదు.

అయితే ఈ ఉదంతంలో హాస్యానికి గురి అయినది ఎవరు? అధికారి కాదు, మంత్రి కాదు, ధనవంతుడు కాదు. జవాబు చెప్పుకొనలేని పసిపిల్ల. "నచ్చనివారు చూడవద్దు" అనే మాట చూచేవారికి వర్తిస్తుంది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వారికి వర్తించదు. ఆ బిడ్డ ఆ ప్రసారం చూడలేదు. చూడకపోయినంత మాత్రాన ఆమెకు కలిగిన హాని తగ్గలేదు. రంగస్థలం మీద అన్న మాట ఆ రాత్రితో పోయేది. ఇక్కడ అన్న మాటను ప్రసారకుడే తొలగించినా, ఎవరో ఒకరు అప్పటికే దానిని పట్టి దాచి ఉంచుతారు. ఆ బిడ్డ పెద్దదై అక్షరాలు నేర్చిన తరువాత కూడా అది ఆమెకు ఎదురుపడవచ్చు.

ప్రత్యక్ష ప్రసారపు అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నదని మా అభిప్రాయం. సభలో ఉన్నవారు నవ్వుతున్నారు, చదివిస్తున్నారు. ఆ నవ్వుకు మూల్యం చెల్లించేవారు మాత్రం సభలో లేరు. సభలో ఉన్నవారిని మెప్పించడానికి సభలో లేనివారి గౌరవాన్ని ఖర్చు చేయడం సులభం. ఎందుకంటే అడ్డుచెప్పవలసిన మనిషి అక్కడ లేడు. ప్రణీత్ ఉదంతంలో కూడా, ఆ వేదికకు బయటివాడైన ఒక నటుడు చూచి వేలెత్తి చూపేవరకు, ఆ మాటలు నవ్వుగానే చెల్లాయి.

'చింతామణి' నేర్పిన పాఠం

ఇది అంతర్జాలం తెచ్చిన జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. మన ప్రాంతపు రంగస్థలమే దీనికి సాక్ష్యం. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి 'చింతామణి' నాటకం రచించారు. ఆ సంస్కరణ నాటకం ఊరూరా ప్రదర్శింపబడే కొద్దీ, సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ రచయిత రాయని మాటలు చేరాయి. జాతరలలో, తిరునాళ్లలో అర్ధరాత్రి దాటిన తరువాత ప్రేక్షకులు కోరినకొద్దీ, నటులు అప్పటికప్పుడు ద్వంద్వార్థాల సంభాషణలు కల్పించి నవ్వించారు. ఆ నవ్వులో ఒక కులం వారంతా పరిహాసానికి గురి అయ్యారు. ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పిన మీదట, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించినది. రచయిత చేయని తప్పుకు రచన శిక్ష అనుభవించినదని, ఆ నాటకం మీద బతికే కళాకారుల కూడు పోయినదని అనేకులు వాపోయారు. నిషేధం న్యాయస్థానం దాకా పోయినది.

ఈ చరిత్రలో రెండు పాఠాలున్నాయి. ప్రేక్షకుడు ఎదుట ఉన్నంత మాత్రాన మర్యాద దానంతట అది నిలవదు. అడిగేవాడుంటే నటుడు జారుతాడు. ఇది మొదటిది. కళాకారుడు తన హద్దు తాను గీసుకోకపోతే ప్రభుత్వం గీస్తుంది. ప్రభుత్వం గీసే గీత సన్ననిది కాదు. అది చెడ్డమాటతో పాటు మంచి పద్యాన్ని కూడా తుడిచివేస్తుంది. ఇది రెండవది.

కీర్తికి రెండు వైపులా పదును

వివాదాలన్నీ ఒకే రకానికి చెందినవి కావు. విశాఖపట్నంలో చేపల వేటను చూపించి 'లోకల్ బాయ్ నాని'గా పేరు పొందిన యువకుని చూడండి. సముద్రం మీద మత్స్యకారుని జీవితాన్ని అతడు తెలుగువారి ఇళ్లలోకి తెచ్చాడు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి, పదులకొద్దీ పడవలు కాలిపోయినప్పుడు మొదట అనుమానం ఇతని మీదికే పోయినది. పోలీసులు పిలిచి విచారించారు. కొద్ది రోజులకు, ఆ మంటలకు కారకులు వేరొకరని పోలీసులే ప్రకటించారు. పేరు ఉన్నవాని మీద నింద కూడా త్వరగా వాలుతుందనడానికి ఇది ఉదాహరణ. ఆనాడు తొందరపడి అతనిని దోషిగా నిర్ణయించిన వారిలో తోటి ప్రేక్షకులే అనేకులు.

అదే యువకుడు 2025 ఫిబ్రవరిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశాడనే కేసులో అరెస్టు అయ్యాడు. ఆ కాలంలో ఐ.పి.ఎస్. అధికారి వి.సి. సజ్జనార్ గారు ఇటువంటి ప్రచారకులను పేరుపెట్టి ఎత్తిచూపుతూ వచ్చారు. మార్చిలో హైదరాబాదులో ప్రసారకుల మీదనే కాక, పేరున్న సినీనటుల మీద కూడా కేసులు నమోదయ్యాయి. ఇక్కడ ప్రమాదం మాటలోని అసభ్యత కాదు, మాటలోని నమ్మకం. తమ ఊరివాడు, తమ భాషవాడు చెప్పాడని డిగ్రీ చదివే కుర్రవాడు తండ్రి పంట అమ్మిన డబ్బును యాప్‌లో పోస్తే, ప్రసారకునికి ముట్టినది ప్రతిఫలం. కుర్రవానికి మిగిలినది అప్పు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ జూదపు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినది. వాటికి ప్రచారం చేసిన వారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు అందులో ఉన్నది.

విదేశాలలో కూడా ఇదే కథ. కై సెనట్ అనే అమెరికన్ ప్రసారకుడు 2023 ఆగస్టు 4న న్యూయార్కులోని యూనియన్ స్క్వేర్ వద్ద ఉచితంగా ఆటపరికరాలు పంచిపెడతానని తన ప్రేక్షకులకు చెప్పాడు. వేలమంది యువకులు వచ్చిపడ్డారు. రాళ్లు, సీసాలు ఎగిరాయి, వాహనాలు ధ్వంసమయ్యాయి, పోలీసులు పదులమందిని పట్టుకున్నారు. 2024లో అతడు నష్టపరిహారంగా 57 వేల డాలర్లకు పైగా చెల్లించి, క్షమాపణ చెప్పిన తరువాత ఆ వ్యవహారం ముగిసినది. అతనికి దురుద్దేశం ఉండి ఉండకపోవచ్చు. తన మాట ఎంత దూరం పోతుందో, ఎందరిని కదిలిస్తుందో లెక్కవేయకపోవడమే అక్కడి లోపం. మన దేశంలో 2025 ఫిబ్రవరిలో రణవీర్ అలహాబాదియా అనే ప్రసిద్ధ యూట్యూబరు ఒక హాస్య కార్యక్రమంలో తల్లిదండ్రుల గురించి వేసిన అసభ్యపు ప్రశ్న దేశమంతటా దుమారం లేపినది. సుప్రీంకోర్టు అతనికి అరెస్టు నుండి రక్షణ కల్పిస్తూనే, అతని మాటలను తీవ్రంగా మందలించినది. శిక్ష విషయంలో నిదానం, మాట విషయంలో నిష్కర్ష. ఆ రెండూ కలిసి ఉండవచ్చునని అత్యున్నత న్యాయస్థానం చూపినది.

విద్యార్థులకు, కమిటీ పెద్దలకు

ఇంతవరకు చెప్పిన దానిని బట్టి ఈ వృత్తి చెడ్డదని మేము అనడం లేదు. ఇంటర్మీడియట్ విద్యార్థికి లెక్కలు అరటిపండు ఒలిచినట్లు చెప్పే ఉపాధ్యాయులు ఇదే వేదిక మీద ఉన్నారు. ఉర్దూ కూడా, తెలుగు కూడా చక్కగా పలకగల మన విద్యార్థికి రెండు సభల తలుపులు తెరిచి ఉన్నాయి. ఆ భాగ్యం అందరికీ లేదు. సిఫారసు లేనివాడు, పెట్టుబడి లేనివాడు తన కంఠాన్ని నమ్ముకొని పైకి రాగల మార్గం ఇది. దానిని మూయడం న్యాయం కాదు.

కాని విద్యార్థి ఫోను తెరిచే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేను ఎవరి గురించి మాట్లాడుతున్నానో ఆ మనిషి ఇక్కడ, నా ఎదుటి కుర్చీలో కూర్చొని ఉంటే ఈ మాట అనగలనా? ఈ మాటకు నాకు వచ్చేది రూపాయి అయితే, వేరొకరికి పోయేది ఏమిటి? పది సంవత్సరాల తరువాత ఉద్యోగం ఇచ్చేవారు, పెళ్లి సంబంధం చూచేవారు, నా సొంత బిడ్డలు ఇది వింటే నేను తల ఎత్తుకొని నిలబడగలనా? మాట్లాడేవానికే కాదు, ఛాట్‌లో రాసేవానికి కూడా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. ఎగదోసినవాడు నేరంలో లేకపోవచ్చు, పాపంలో ఉన్నాడు. ప్రణీత్‌కు ఆ ధోరణి అలవాటైనది ఒక్క రోజులో కాదు. చప్పట్లు కొట్టిన చేతులు ఎన్నో ఉన్నాయి. అవి ఎవరి చేతులో ఏ కేసులోనూ కనిపించవు.

ఇక వార్షికోత్సవ ప్రసారం సంగతి. దీనిని పూర్తిగా నిషేధించడం కన్న, పద్ధతిగా జరపడం మేలని మేము కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము. దుబాయిలో, కువైట్‌లో పనిచేసే మన తండ్రులు, అన్నలు తమ పిల్లలు బహుమతి అందుకొనడం చూడాలనుకోవడం సహజం. ఆ కోరికను కాదనడానికి మనసు ఒప్పదు. అయితే వేదిక ఎక్కే విద్యార్థి సమ్మతి, పిన్నవారైతే తల్లిదండ్రుల సమ్మతి ముందుగా కాగితం మీద తీసుకోవాలి. సమ్మతించని బాలికను వేదిక నుండి దించరాదు. ఆమె అంశం జరిగినంతసేపు ప్రసారం ఆపితే సరిపోతుంది. ప్రసారం చిరునామాను బంధువులకు మాత్రమే తెలిసేటట్లు ఉంచవచ్చు. ఛాట్‌ను మూసివేయవచ్చు, లేదా ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు దానిని కనిపెట్టి ఉండవచ్చు. కొన్ని మాటలు రాకుండా ముందే అడ్డుకట్ట వేసే వీలు యూట్యూబ్‌లోనే ఉన్నది. 2025 జూలై నుండి 16 సంవత్సరాలు నిండనివారు ఒంటరిగా ప్రత్యక్ష ప్రసారం చేయరాదని ఆ సంస్థే నియమం పెట్టినది. వ్యాపారం చేసే సంస్థకే ఆ జాగ్రత్త తోచినప్పుడు, విద్య నేర్పే సంస్థకు తోచకపోతే ఎట్లా?

అంతకన్న ముఖ్యమైనది శిక్షణ. మన వక్తృత్వ పోటీలలో ఇంతవరకు అనర్గళంగా మాట్లాడిన వారికే బహుమతి ఇస్తున్నాము. ఇకపై, రెచ్చగొట్టే ప్రశ్నకు రెచ్చిపోకుండా సమాధానం చెప్పిన వారికి ఒక బహుమతి, తగిన చోట ఆగిన వారికి ఒక బహుమతి ఏర్పాటు చేయడం మంచిది. అప్రస్తుత ప్రసంగిని ఎదుర్కొనే నేర్పు అవధానులకే కాక, చేతిలో సెల్‌ఫోన్ ఉన్న ప్రతి విద్యార్థికీ నేడు అవసరమైనది.

స్థానం వారి సభ వేరు, నేటి సభ వేరు. ఆ సభకు గోడలు ఉండేవి, ఈ సభకు లేవు. గోడలు లేని సభలో మాట్లాడేవాడు, గోడల అవతల ఉన్నవారంతా తన ఎదుటనే కూర్చున్నారని భావించి మాట్లాడాలి. మన కళాశాల నుండి రేపు ఒక ప్రసారకుడు బయలుదేరితే, అతని నవ్వు విని నవ్వినవారు వేలమంది ఉండాలి. ఆ నవ్వు వల్ల ఏడ్చినవారు ఒక్కరు కూడా ఉండరాదు.